హైదరాబాద్ రాత్రి మ్యాపు: వైన్స్, బార్, పబ్, కల్లు కాంపౌండ్... ఏది ఎక్కడ, ఎందుకక్కడ?

హైదరాబాద్ నైట్‌లైఫ్ అనగానే చాలామందికి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 గుర్తొస్తుంది. గేటు దగ్గర బౌన్సర్లు, కార్ల తాళాలు పట్టుకుని పరిగెత్తే వాలే కుర్రాళ్ళు, పై అంతస్తు నుంచి రోడ్డు దాకా వినిపించే పాట. కానీ ఏ శుక్రవారం రాత్రి తీసుకున్నా, నగరంలో గ్లాసు పట్టుకున్నవాళ్ళలో అక్కడ కూర్చునేది కొద్దిమందే. మిగతావాళ్ళు వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో, బస్టాపుకు ఎదురుగా ఉన్న ఏసీ బార్‌లో, బస్తీ చివర కల్లు కాంపౌండ్‌లో ఉంటారు. వాళ్ళను వదిలేసి గీసిన మ్యాపు ఈ ఊరి మ్యాపు అనిపించుకోదు.

ఏ ఏరియాలో ఏ పబ్ బాగుంటుందో చెప్పే జాబితాలు బోలెడున్నాయి. అక్కడ అదే ఎందుకుందన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. పబ్ సందడి బేగంపేట నుంచి జూబ్లీహిల్స్‌కి ఎందుకు మారింది? పాతబస్తీలో బార్లు ఎందుకంత తక్కువ? కల్లు కాంపౌండ్లు పదేళ్ళు మూతబడి మళ్ళీ ఎలా తెరుచుకున్నాయి? జనం టేస్టును బట్టి ఇవన్నీ ఏర్పడ్డాయని అనుకుంటాం. నా లెక్కలో టేస్టు చివర్లో వస్తుంది. దానికంటే ముందు సర్కారు ఏ లైసెన్సు ఇచ్చింది, ఆ నేల మీద అంతకుముందు ఎవరున్నారు, ఆ రోడ్డు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుంది అన్నవి తేలిపోతాయి.

ముందు లైసెన్సు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడింది. తెలంగాణలో మనం వైన్స్ అని పిలిచే దుకాణాన్ని ఎక్సైజ్ వాళ్ళు ఏ4 షాప్ అంటారు. రాష్ట్రం మొత్తానికి ఇవి 2,620. రెండేళ్ళకోసారి లాటరీ తీస్తారు. 2025లో ఒక్కో దరఖాస్తుకు 3 లక్షల ఫీజు పెట్టారు, లాటరీ తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. అయినా 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్లకు పైగా చేరింది. లాటరీలో షాపు దక్కినవాళ్ళు ఆ తర్వాత ఏటా కట్టే పన్ను ఆ చోటి జనాభాను బట్టి ఉంటుంది. చిన్న ఊళ్ళో 50 లక్షలు, హైదరాబాద్ లాంటి చోట కోటీ పది లక్షలు. షాపుల్లో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది.

బార్ అండ్ రెస్టారెంట్‌ది వేరే లైసెన్సు, 2బి. సొంతంగా బీరు కాచుకునే బ్రూపబ్‌కి మైక్రోబ్రూవరీ అనుమతి కావాలి. కల్లుకు మళ్ళీ వేరే దారి. గీత కార్మికుల సొసైటీలకూ, చెట్టు పన్ను కట్టి గీసుకునే వ్యక్తులకూ ఆ అనుమతులు ఇస్తారు. వైన్స్‌లో దొరికే సీసా అయినా, పబ్‌లో దొరికే సీసా అయినా వచ్చేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే. సరుకు ఒకటే. వైన్స్ దాన్ని ఎంఆర్‌పీకి అమ్మాలి, బార్ మాత్రం తన ధర తాను పెట్టుకోవచ్చు. పబ్‌లో అదే బీరుకు మూడింతలు కట్టామంటే ఆ ఎక్కువంతా కుర్చీకి, ఏసీకి, పాటకి, ఆ నేల అద్దెకి పోయింది.

టైమింగ్స్ కూడా లైసెన్సే చెబుతుంది. జీహెచ్ఎంసీ పరిధిలో వైన్స్ రాత్రి 11కి మూసేయాలి. బార్లకు 12 దాకా, వారాంతాల్లో ఒంటిగంట దాకా అనుమతి ఉంటుంది. అందుకే నగరంలో అసలైన తొక్కిడి పదిన్నరకు మొదలవుతుంది.

ఆ టైముకు అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఏదో ఒక వైన్స్ ముందు నిలబడి చూడండి. ఇనుప గ్రిల్‌లోంచి అయిదారు చేతులు ఒకేసారి లోపలికి పోతుంటాయి. "అన్నా, రెండు లైట్లు, ఒక స్ట్రాంగ్." "భయ్యా, క్వార్టర్ ఇయ్యి, చేంజ్ ఉంది." లోపలున్న మనిషి తల ఎత్తకుండానే ఎవరు ఏది అడిగారో పట్టుకుంటాడు. 180 మిల్లీలీటర్ల సీసా, డిస్పోజబుల్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, అంతే సంగతి. బయట బండి మీద ఉడికించిన గుడ్లను సగానికి కోసి, ఉల్లిపాయ తురుము, కారం, నిమ్మరసం చల్లి ఇస్తుంటారు. పక్క బండిలో పల్లీలు, చికెన్ పకోడీ. వెనకాల పర్మిట్ రూమ్. పేరుకు రూమే గానీ చాలాచోట్ల రేకుల షెడ్డు, నాలుగు టేబుళ్ళు, తడిసిన నేల. గంటలోపు ఖాళీ చేసి పోయే చోటు అది. హాస్టల్ గదిలో తాగితే ఓనర్ ఊరుకోడు, ఇంటికి తీసుకెళ్తే ఇంట్లో ఊరుకోరు, బార్‌కి వెళ్తే జేబు ఊరుకోదు. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చి అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళకూ, పనయ్యాక మేస్త్రీ దగ్గర కూలి తీసుకున్న అడ్డా కూలీలకూ దొరికే నైట్‌లైఫ్ ఇదే.

ఇంత పన్ను కడుతున్న ఈ జనానికి ఒక మరుగుదొడ్డి, తాగే నీళ్ళు, కూర్చోవడానికి శుభ్రమైన బల్ల కూడా సరిగా దొరకవు. రాష్ట్ర ఆదాయంలో మద్యం వాటా గురించి లెక్కలు వేసేవాళ్ళు పర్మిట్ రూమ్ నేల వైపు కూడా ఒకసారి చూడాలి. ఆడవాళ్ళు అక్కడ అడుగుపెట్టే పరిస్థితే లేదు. షాపు ఉన్న వీధిలోంచి రాత్రి నడిచి వెళ్ళడానికి కూడా జంకుతారు. పర్మిట్ రూమ్‌ను మర్యాదగా నడిపితే లాభపడేది తాగేవాళ్ళు మాత్రమే కాదు, ఆ వీధి మొత్తం.

దీనికి ఒక మెట్టు పైన ఏసీ బార్. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ, అబిడ్స్, దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీ. ఈ పేర్లన్నిట్లో ఉమ్మడిగా ఉన్నది బస్సులు, సినిమా హాళ్ళు, ఆఫీసులు. సాయంత్రం దిగినవాడు ఇంటికెళ్ళేలోపు ఆగే చోట్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షోకి ముందు ఓ గంట, మొదటి ఆట విడిచాక ఓ గంట బార్లు కిటకిటలాడతాయి. లోపల మసక వెలుతురు, మెత్తటి సోఫాలు, కూర్చోగానే ఉప్పు పల్లీలో, ఉడకబెట్టిన శనగలో, క్యారెట్ ముక్కలో ఒక చిన్న గిన్నెలో వస్తాయి. మెనూలో అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్, చికెన్ 65 లేకుండా ఉండవు. ఈ మూడింట్లోనూ కరివేపాకు, పచ్చిమిర్చి, ఎముక లేని ముక్క. ఫోర్కు, కత్తి అవసరం లేకుండా మాట మధ్యలో చేత్తో తీసుకుని నోట్లో వేసుకోడానికి వీలుగా తయారైన తిండి అది. ఏళ్ళ తరబడి అదే టేబుల్, అదే వెయిటర్. "సార్‌కి రెగ్యులరేనా?" అని అడిగితే చాలు. నన్నడిగితే ఈ నగరంలో నిజమైన పబ్ సంస్కృతి, అంటే ఊరి జనం రోజూ కలుసుకునే చోటు, ఉన్నది ఈ బార్లలోనే.

ఇక చరిత్ర మోస్తున్న ఏరియాలు. సికింద్రాబాద్ పుట్టిందే బ్రిటిష్ సైన్యం కోసం. దండు ఉన్నచోట క్లబ్బూ, మెస్సూ, బారూ ఉంటాయి. సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది. నగరం అటువైపు ఆరేళ్ళ తర్వాత, 1884లో నిజాం క్లబ్ వచ్చింది. మెంబర్లకు మాత్రమే తలుపు తీసే ఈ క్లబ్బులు ఈ ఊళ్ళో అన్నిటికంటే పాత రాత్రి కూటములు. కంటోన్మెంట్ చుట్టూ తిరుమలగిరి, కార్ఖానా, బోయిన్‌పల్లి వైపు సైనికులు, మాజీ సైనికులు ఎక్కువ. వాళ్ళకు సైనిక క్యాంటీన్ కోటాలో మందు తక్కువ ధరకు వస్తుంది కాబట్టి తాగడం చాలావరకు ఇళ్ళల్లోనే, నలుగురు స్నేహితుల మధ్య. మాజీ సైనికుల కాలనీగా మొదలైన సైనిక్‌పురిలో ఇప్పుడు కేఫ్‌లు, పబ్‌లు వరసగా వస్తున్నాయి. ఆ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు జూబ్లీహిల్స్ దాకా గంట ప్రయాణం చేసే ఓపిక లేదు.

బేగంపేట కథకు కీలకం విమానాశ్రయం. 2008 మార్చిలో శంషాబాద్‌కి మారేదాకా విమానాలు దిగింది ఇక్కడే. విమానం దిగినవాళ్ళకోసం హోటళ్ళు, హోటళ్ళ చుట్టూ పబ్‌లు. పైగా అటు సికింద్రాబాద్‌కీ ఇటు పంజాగుట్టకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. అక్కడి టెన్ డౌనింగ్ స్ట్రీట్ పబ్ పేరు వింటే ఒక తరం హైదరాబాదీలకు ఇప్పటికీ మొహం వెలుగుతుంది. ఆ తరానికి ముందు ఒక పెద్ద విరామం కూడా ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద మొదలుపెట్టిన పోరాటం పెరిగి పెరిగి, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం పెట్టేదాకా వెళ్ళింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఆ మరుసటి ఏడాదే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. నిషేధం పోవడం, ఐటీ జీతాలు రావడం దాదాపు ఒకేసారి జరిగాయి. అప్పుడు జేబులో డబ్బుతో బయటికొచ్చిన పాతికేళ్ళ కుర్రాళ్ళకు దగ్గర్లో కనిపించింది బేగంపేట. విమానాశ్రయం వెళ్ళిపోయి, ఆఫీసులు పడమటికి జరిగేసరికి రాత్రి కూడా వాటి వెంటే జరిగింది.

అలా జరుగుతూ మధ్యలో ఆగిన చోటు జూబ్లీహిల్స్. ఇక్కడే అసలు చిక్కు. ఇది 1960లలో హౌస్ బిల్డింగ్ సొసైటీగా మొదలైన కాలనీ. బండరాళ్ళ మధ్య ప్లాట్లు, విశాలమైన ఇళ్ళు, నిశ్శబ్దం కోసమే అక్కడికి వెళ్ళినవాళ్ళు. సినిమా వాళ్ళు, వ్యాపారులు రావడంతో నేల విలువ పెరిగింది. 36, 45 నంబర్ రోడ్ల మీది ఇళ్ళు ఒక్కొక్కటిగా షోరూములు, రెస్టారెంట్లు, పబ్‌లు అయ్యాయి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచాక రోడ్ నంబర్ 45 నేరుగా ఐటీ ఆఫీసులకు కలిసిపోయింది. పబ్ యజమానికి ఇంతకంటే మంచి అడ్రసు దొరకదు. కానీ వెనక వీధిలో ఇప్పటికీ ఇళ్ళే. వృద్ధులు, పొద్దున్నే బడికి లేవాల్సిన పిల్లలు.

వాళ్ళు కోర్టుకెక్కారు. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పబ్‌లలో సంగీతం ఆపాలని ఆదేశించింది. తర్వాత డివిజన్ బెంచ్ దాన్ని జూబ్లీహిల్స్‌లోని పది పబ్‌లకు పరిమితం చేసింది. దీనికి ఆధారం కొత్తదేమీ కాదు, 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు. నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55. తేడా పదే కదా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు పెరిగినట్టు. పైగా డీజే పాటలో గోడలు దాటి వచ్చేది మాటలు కాదు, బేస్. కిటికీలు మూసుకున్నా మంచం కింద నేల అదురుతూనే ఉంటుంది. లైసెన్సు ఇచ్చిన ఆఫీసు అది బార్‌గా పనికొస్తుందా అని చూసింది గానీ, వెనక ఇంట్లో ఎవరు పడుకుంటారో చూడలేదు. రోడ్డుకు ఒక వైపు వాణిజ్యం, గోడ అవతల నివాసం అయినప్పుడు ఏ పరిమితి వర్తిస్తుందన్నది లైసెన్సు ఇచ్చేరోజే తేల్చాలి. పబ్ మీద కోట్లు పెట్టాక కాదు, కాలనీ వాళ్ళ నిద్ర పోయాక కాదు.

హైటెక్ సిటీ, నాలెడ్జ్ సిటీ, గచ్చిబౌలి వైపు ఈ గొడవ కొంత తక్కువ. చాలా పబ్‌లు ఆఫీసు టవర్లలో, మాల్స్ పైన ఉంటాయి. రాత్రయ్యాక ఆ చుట్టుపక్కల నిద్రపోయేవాళ్ళు తక్కువ. ఇక్కడ వారం మధ్యలో కూడా టేబుళ్ళు నిండుతాయి, ఎందుకంటే టీమ్ అవుటింగ్ ఏ బుధవారమైనా పడొచ్చు. అద్దాల వెనక స్టీలు ట్యాంకులు మెరిసే బ్రూపబ్‌లకు ఈ వైపు మంచి గిరాకీ ఉంది. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు దారి తెరిచింది 2015 నాటి నిబంధనలు. ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చే గోధుమ బీరు తాగితే అరటిపండు, లవంగం వాసన తగులుతుంది. అవి కలిపినవి కావు, ఆ రకం ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టేవి. పాశ్చరైజ్ చేయరు కాబట్టి ఎక్కువ రోజులు నిలవుండదు, అక్కడే తాగాలి. తాగనివాళ్ళకు ఈ వైపు గచ్చిబౌలి డీఎల్ఎఫ్ వీధి ఉంది. నైట్ షిఫ్ట్ మధ్యలో దోసె, షవర్మా, చాయ్ కోసం వచ్చిన గుంపులతో అర్ధరాత్రి కూడా కళకళలాడుతుంది.

పబ్‌లలో ఆడవాళ్ళు తాగడం గురించి టీవీల్లో వచ్చినంత చర్చ ఇంకే విషయం మీదా రాదు. ఆ చర్చ చేసేవాళ్ళు ఏదైనా కల్లు కాంపౌండ్‌కి ఒకసారి వెళ్ళాలి. గోడ కట్టిన ఖాళీ స్థలం, బెంచీలు, ప్లాస్టిక్ క్రేట్లలో కల్లు సీసాలు, గేటు దగ్గర గుడాలు, బోటి అమ్మే బండి. ఒక బెంచీ మీద పని ముగించుకొచ్చిన ఆడకూలీలు కొంగు బొడ్లో దోపుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళను వింతగా చూసేవాళ్ళు ఉండరు. తెలంగాణ పల్లెల్లో కల్లు పండగకూ చావుకూ ఉండేదే, ఆడ మగ తేడా లేకుండా తాగేదే. పబ్ ఇవాళ ఆడవాళ్ళకు కొత్తగా ఇచ్చానంటున్న చోటు కాంపౌండ్‌లో ఎప్పటి నుంచో ఉంది.

కాంపౌండ్‌ను నేను ఆకాశానికెత్తడం లేదు. దాని అసలు సమస్య చెట్లు. కల్లు గీసిన కొన్ని గంటల్లోనే పులుస్తుంది, సాయంత్రానికి ముదురుతుంది. నగరంలో తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కడివి? జిల్లాల నుంచి రావాలి. వచ్చేది తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. ఆ లోటు నింపడానికి క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఈ మందులకు ఒళ్ళు అలవాటు పడ్డాక హఠాత్తుగా ఆగితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల డాక్టర్లకు ఇలాంటి రోగులు కొత్త కాదు. కల్తీ కారణంగానే 2004లో వైఎస్ ప్రభుత్వం హైదరాబాద్‌లో కాంపౌండ్లు మూయించింది. గీత వృత్తి మీద బతికేవాళ్ళ ఉపాధి పోయిందన్న వాదనతో 2014లో కేసీఆర్ ప్రభుత్వం మళ్ళీ తెరిపించింది. రెండు వాదనలూ నిజమే. చెట్ల లెక్క మాత్రం ఎవరూ సరిచేయలేదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. చనిపోయినవాళ్ళు కూలీనాలీ చేసుకునే పేదవాళ్ళు. పబ్ మీద దాడి జరిగితే వారం రోజులు నడిచే వార్త, వీళ్ళ విషయంలో అంతసేపు నిలవలేదు. అదే నాకు బాధ. పులియని తాజా కల్లు, అంటే నీరా, అమ్మడానికి నెక్లెస్ రోడ్‌లో 2023లో తెరిచిన నీరా కేఫ్ మంచి ప్రయత్నమే, కానీ కూకట్‌పల్లి కూలీ సాయంత్రం అక్కడికి రాడు. కాంపౌండ్‌కి వచ్చే సరుకును రోజూ పరీక్షించే ఏర్పాటు కావాలి, ఆ ఫలితం గేటు మీద రాసి ఉండాలి.

పాతబస్తీ గురించి కొద్దిగా. చార్మినార్ చుట్టూ బార్లు చాలా తక్కువ. ప్రార్థనా స్థలాలకు, బడులకు దగ్గర్లో లైసెన్సు ఇవ్వరు, ఇక్కడ అడుగడుగునా అవే. జనాభాలో ఎక్కువమంది ముస్లింలు, కాబట్టి గిరాకీ కూడా వేరు. అంతమాత్రాన అక్కడ రాత్రి లేదనుకుంటే పొరపాటు. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహర్ వేళ దాకా హలీం బట్టీలు, గాజుల దుకాణాలు, ఇరానీ చాయ్. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా కుటుంబం మొత్తం అర్ధరాత్రి రోడ్డు మీద ఉండే ఏరియా హైదరాబాద్‌లో ఇదొక్కటే అనొచ్చు.

ఎక్కడ తాగినా తర్వాత ఇంటికి చేరాలి. 21 ఏళ్ళు నిండాకే తాగాలన్న నియమం అందరికీ తెలుసు, 30 అనే అంకె మాత్రం చాలామందికి తెలియదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడితే 10 వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగితేనే సగటు మనిషి ఆ గీత దాటిపోతాడు. తగ్గడం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే. నిమ్మకాయ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు. "రెండే కదా తాగింది, మెల్లగా పోతాలే" అనే మాట నమ్మి బండి తీయడం ఎవరి ప్రాణానికీ మంచిది కాదు.

మరి ఎలా వెళ్ళాలి? బార్లు వారాంతంలో ఒంటిగంట దాకా ఉండొచ్చని అనుమతించిన నగరంలో మెట్రో చివరి రైలు రాత్రి 11 ప్రాంతంలోనే బయల్దేరిపోతుంది. ఆ తర్వాత క్యాబ్ ధరలు రెండింతలవుతాయి, ఆటో అన్న మీటరు మాటెత్తడు. కస్టమర్లు వెళ్ళాక గ్లాసులు కడిగి, బల్లలు తుడిచి, రెండింటికి బయటపడే వెయిటర్లు, వంటవాళ్ళు, బార్ కౌంటర్ అమ్మాయిల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే లైన్‌లో స్టేషన్ల పేర్లు చదవండి: సికింద్రాబాద్, ప్యారడైజ్, బేగంపేట, అమీర్‌పేట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ. దండు కాలం నుంచి ఐటీ కాలం దాకా ఈ నగరపు రాత్రి నడిచిన దారి పొడవునా పట్టాలు ఇప్పటికే వేసి ఉన్నాయి. శుక్ర, శనివారాల్లో ఆ ఒక్క లైన్‌లో రాత్రి రెండు దాకా అరగంటకో రైలు నడిపితే చాలు. బార్ల టైము పొడిగించిన ప్రభుత్వమే ఆ నిర్ణయం కూడా తీసుకోవాలి.